చైనీస్ పేర్లు చెక్కుచెదరకుండా నిలవాలంటే: వ్యాపార వ్యవస్థలకు ఏ ఎన్‌కోడింగ్ ఎంచుకోవాలి?

చైనా ప్రధానిగా 1998 నుంచి 2003 వరకు పనిచేసిన ఝూ రోంగ్‌జీ పేరులోని నడిమి అక్షరం, ఆ దేశమే 1980లో ప్రకటించిన జీబీ 2312 అక్షర ప్రమాణంలో లేదు. తైవాన్‌లో 2002 నుంచి 2005 వరకు ప్రధాని పదవిలో ఉన్న యూ షీ-కున్ పేరులోని చివరి అక్షరానికి అక్కడి బిగ్ ఫైవ్ ప్రమాణంలో చోటు లేకపోవడంతో, ఇంటర్నెట్ వార్తల్లో ఆ ఒక్క అక్షరాన్ని దాని భాగాలుగా విడదీసి మూడు వేర్వేరు అక్షరాలుగా టైపు చేసేవారు. దేశమంతా రోజూ చదివే పేర్లకే ఈ పరిస్థితి ఎదురైందంటే, ఒక బ్యాంకు ఖాతాదారు పేరు, ఒక సరఫరాదారు సంస్థ పేరు, ఒక ఉద్యోగి జీతపు చీటీ మీది పేరు మన వ్యవస్థలో ఏమవుతాయో ముందుగానే ఆలోచించవలసిన బాధ్యత ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్ దాచే బైట్లుగా మార్చే పద్ధతి) ఎంచుకునేవారి మీద ఉంటుంది.

హైదరాబాద్ ఔషధ పరిశ్రమ ముడిపదార్థాలలో చాలా భాగాన్ని చైనా నుంచే తెప్పించుకుంటుంది. హాంకాంగ్, షాంఘై, తైపేలలో శాఖలున్న సంస్థల డేటాబేస్‌లను ఇక్కడినుంచి నిర్వహించే తెలుగు ఇంజనీర్లూ ఉన్నారు. వారిలో అత్యధికులకు చైనీస్ చదవడం రాదు. చదవలేని లిపిలో తప్పు కంటికి ఆనదు. తెరమీద కనిపించేది అసలు పేరో, చెడిపోయిన బైట్ల నుంచి పుట్టిన అర్థంలేని అక్షరాల వరసో తేడా తెలియదు. అందుకే ఈ విషయంలో సరైన నిర్ణయం మొదటి రోజే జరగాలని నేను గట్టిగా నమ్ముతాను.

నా సలహా ముందే చెబుతాను. కొత్తగా కట్టే వ్యవస్థలో నిల్వ యూనికోడ్‌లోనే, అంటే ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ప్రమాణంలోనే ఉండాలి. చైనా ప్రధాన భూభాగంలోని భాగస్వాములతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే చోట చైనా తప్పనిసరి ప్రమాణమైన జీబీ 18030ని అంగీకరించాలి. జీబీకే, బిగ్ ఫైవ్ పద్ధతులను పాత వ్యవస్థల్లో ఉన్నంతవరకు భరించాలే గానీ కొత్తగా తెచ్చిపెట్టుకోకూడదు.

బరిలో ఉన్న పద్ధతులు

జీబీ 2312లో 6,763 చైనీస్ అక్షరాలున్నాయి. అందులో మొదటి అంచె 3,755 అక్షరాలను ఉచ్చారణ వరసలో, రెండో అంచె 3,008 అక్షరాలను ధాతువుల (అక్షరాలను వర్గీకరించే మూల భాగాల) వరసలో పేర్చారు. ఈ అమరిక వల్ల కలిగే ఒక చిక్కును తరువాత చెబుతాను. ఆనాటి వార్తాపత్రికకు ఈ సంఖ్య చాలవచ్చు గానీ, 2013లో చైనా ప్రభుత్వం వెలువరించిన సాధారణ ప్రామాణిక అక్షరాల పట్టికలోనే 8,105 అక్షరాలున్నాయి కనుక, జనం పేర్లు దాచే ఏ వ్యవస్థకూ ఇది సరిపోదు.

1995లో వచ్చిన జీబీకే దాన్ని 21,003 అక్షరాలకు విస్తరించింది. విండోస్‌లోని 936వ కోడ్ పేజీ (అక్షర పట్టిక) దాదాపుగా ఇదే. పాత కోడ్‌లన్నీ ఇందులో యథాతథంగా ఉండటం వల్ల ఇది త్వరగా వ్యాపించింది. ఇప్పటికీ చైనా కార్యాలయాల నుంచి వచ్చే సాధారణ టెక్స్ట్ ఫైళ్లలో చాలా వాటిలో ఇదే కనిపిస్తుంది. ఫైలు మీద జీబీ 2312 అని రాసి ఉన్నా లోపల జీబీకే ఉండటం ఎంత మామూలైపోయిందంటే, వెబ్ బ్రౌజర్లు పాటించే ప్రమాణం కూడా ఆ పాత పేరు కనబడితే జీబీకేగానే చదవమంటుంది. దిగుమతి ప్రోగ్రాములు రాసేవారు కూడా ఇదే పాటించడం క్షేమం.

జీబీ 18030 మొదట 2000లో, తరువాత 2005లో, మళ్లీ 2022లో వెలువడింది. తాజా కూర్పు 2023 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అందులో 87,887 చైనీస్ అక్షరాలున్నాయి. ఒకటి, రెండు, నాలుగు బైట్లలో కోడ్‌లుండే ఈ పద్ధతి యూనికోడ్ మొత్తాన్నీ తనలో ఇముడ్చుకుంటుంది కాబట్టి, యూనికోడ్ నుంచి దీనిలోకి, దీని నుంచి యూనికోడ్‌లోకి అక్షరం పోకుండా మార్చవచ్చు. కూర్పుల మధ్య కొద్ది అక్షరాల మ్యాపింగ్ మారింది గనుక, మీ లైబ్రరీ ఏ కూర్పును అనుసరిస్తుందో తెలుసుకుని ఉంచుకోవాలి. చైనాలో ఇది తప్పనిసరి ప్రమాణం, మూడు అంచెలుగా అమలవుతుంది. ప్రభుత్వ సేవలకు, ప్రజా సేవలకు వాడే ఉత్పత్తులు పై అంచెను అందుకోవాలి. ఈ ప్రమాణం ఉంది గనుక డేటాబేస్‌ను కూడా జీబీ 18030లోనే నిలవచేయాలని కొందరు అపోహ పడతారు. లోపల యూనికోడ్‌లో దాచుకుంటూనే ఆ అక్షరాలన్నిటినీ తీసుకోగలిగి, చూపగలిగి, తిరిగి ఇవ్వగలిగితే చాలు.

బిగ్ ఫైవ్ 1984లో తైవాన్‌లో పుట్టింది. సుమారు 13,000 సంప్రదాయ లిపి (తైవాన్, హాంకాంగ్‌లలో వాడేది) అక్షరాలున్న ఈ పద్ధతిలో చైనా ప్రధాన భూభాగంలో వాడే సరళీకృత అక్షరాలు లేవు. హాంకాంగ్‌లో కాంటనీస్ మాటలకు, స్థలనామాలకు అవసరమైన అక్షరాలు కూడా ఇందులో లేకపోవడంతో అక్కడి ప్రభుత్వం 1999లో 4,702 అక్షరాల అనుబంధ సమితిని ప్రకటించింది. వీధి చిరునామాలు దాచే ఏ హాంకాంగ్ వ్యవస్థకైనా ఆ అనుబంధం లేని బిగ్ ఫైవ్ పనికిరాదు.

మిగిలినవి యూనికోడ్ రూపాలు. యూటీఎఫ్-8లో సాధారణ చైనీస్ అక్షరం 3 బైట్లు, అరుదైనది 4 బైట్లు పడుతుంది. యూటీఎఫ్-16లో ఇవి వరుసగా 2, 4 బైట్లు. మన తెలుగు కోడ్‌లు కూడా యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లే కనుక, తెలుగు డేటా నిర్వహించినవారికి ఈ లెక్క కొత్త కాదు. అను, శ్రీలిపి ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని మరో చోట అతికిస్తే గజిబిజి అక్షరాలు రావడం డీటీపీ చేసిన తెలుగువారందరికీ అనుభవమే. అక్కడ తెలుగు రూపం ఫాంటులో దాగి ఉండేది; చైనీస్‌లో మాత్రం ప్రతి పాత పద్ధతీ అధికారికమైన ప్రమాణమో, దానికి సమానమైన వాడుకో కావడం వల్ల మార్పిడి పట్టికలు నమ్మదగినవిగా ఉన్నాయి. అది మనకు కలిసివచ్చిన అదృష్టం.

జీబీకేని, బిగ్ ఫైవ్‌ను నేను ఎందుకు వద్దంటాను

అక్షరాల సంఖ్య ఒక్కటే కారణమైతే ఇంత పట్టుదల అవసరం ఉండేది కాదు. అసలు ప్రమాదం ఈ రెండు పద్ధతుల నిర్మాణంలోనే ఉంది. వీటిలో అక్షరానికి రెండు బైట్లుంటే, రెండో బైటు ఇంగ్లీషు అక్షరాల పరిధిలోకి రావచ్చు. బిగ్ ఫైవ్‌లో షూ అనే ఇంటిపేరుకు రాసే అక్షరం రెండో బైటు విలువ 92, అంటే బ్యాక్‌స్లాష్ విలువ. షూ చాలా మామూలు ఇంటిపేరు. బ్యాక్‌స్లాష్‌ను ప్రత్యేక గుర్తుగా భావించే ప్రోగ్రాము ఆ పేరును చదివినప్పుడు సగం అక్షరాన్ని మింగేస్తుంది, లేదా తరువాతి కొటేషన్ గుర్తును పాఠంలో భాగంగా లెక్కగట్టి ఆదేశాన్ని చెడగొడుతుంది.

జీబీకేలో ఇదే లోపం భద్రతకు ముప్పుగా మారింది. వినియోగదారు ఇచ్చిన పాఠంలో కొటేషన్ గుర్తుకు ముందు రక్షణగా బ్యాక్‌స్లాష్ చేర్చే పాత పద్ధతిని వాడుతున్న చోట, దాడి చేసేవారు ముందుగా ఒక పెద్ద విలువ గల బైటును పెడతారు. ఆ బైటు, రక్షణగా చేర్చిన బ్యాక్‌స్లాష్ కలిసి ఒక చెల్లుబాటయ్యే చైనీస్ అక్షరమైపోగా, కొటేషన్ గుర్తు రక్షణ కోల్పోయి ఎస్క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) ఆదేశంలోకి చొరబడుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ జీబీకే, బిగ్ ఫైవ్, జీబీ 18030లను క్లయింట్ వైపు అనుమతిస్తుంది గానీ సర్వర్ నిల్వకు అనుమతించదు. యూటీఎఫ్-8లో బహుబైటు అక్షరంలోని ప్రతి బైటూ 128 లేదా అంతకు మించిన విలువ కలిగి ఉంటుంది కాబట్టి ఈ గందరగోళానికి అసలు తావే లేదు.

మరొకటి, కత్తిరింపు. నిర్ణీత పొడవు ఫీల్డులో పాఠాన్ని బైట్ల లెక్కన కోసినప్పుడు జీబీకేలో జత తప్పితే ఆ తరువాతి అక్షరాలన్నీ వరుసగా తప్పుగా చదవబడే అవకాశముంది. యూటీఎఫ్-8లో ప్రతి అక్షరం మొదటి బైటును గుర్తుపట్టవచ్చు కనుక నష్టం ఆ ఒక్క అక్షరంతో ఆగుతుంది.

యూటీఎఫ్-8లో స్థలం ఎక్కువ పడుతుందన్న అభ్యంతరం నిజమే. చైనీస్ పాఠం జీబీకేతో పోలిస్తే ఒకటిన్నర రెట్లవుతుంది. వ్యాపార డేటాబేస్‌లో పేర్లు, చిరునామాలు తప్ప మిగిలిందంతా అంకెలు, తేదీలు, కోడ్‌లే కాబట్టి మొత్తం నిల్వ మీద దీని భారం స్వల్పం. డిస్కు ధర చూసి జీబీకే వైపు మొగ్గడం ఈనాడు సమర్థనీయం కాదు.

డేటాబేస్‌ను బట్టి మారే సలహా

ఒరాకిల్‌లో పాత జీబీకే డేటాబేస్‌ను యూనికోడ్‌కు మార్చేవారిని మొదట దెబ్బతీసేది కాలమ్ పొడవు. 60 బైట్లని ప్రకటించిన కాలమ్‌లో జీబీకేలో 30 చైనీస్ అక్షరాలు పడితే, యూటీఎఫ్-8లో 20 మాత్రమే పడతాయి. అందువల్ల పొడవులను బైట్లలో కాకుండా అక్షరాలలో ప్రకటించాలి. మార్పిడికి ముందే ఏ వరసలు (రికార్డులు) పట్టవో లెక్కతీసి చూసుకోవాలి. అందులో యూటీఎఫ్8 అనే పేరుతోనే ఉన్న పాత ఎంపికను కాకుండా ఏఎల్32యూటీఎఫ్8ను ఎంచుకోవాలి. అరుదైన అక్షరాలను ప్రామాణిక రీతిలో 4 బైట్లలో దాచేది అదే.

మైఎస్క్యూఎల్‌లోనూ పేరే మోసగిస్తుంది. యూటీఎఫ్8 అని పిలవబడిన పాత అమరిక 3 బైట్ల వరకే దాస్తుంది, కాబట్టి 4 బైట్ల అక్షరాలున్న పేర్లు తిరస్కరించబడతాయి, లేదా అక్కడే తెగిపోతాయి. యూటీఎఫ్8ఎంబీ4 వాడాలి, 2018లో వచ్చిన 8.0 కూర్పు నుంచి అదే సహజ (ముందే పెట్టి ఉండే) అమరిక. పాత కూర్పుల్లో ఇండెక్సు పరిమితి 767 బైట్లు కావడం వల్ల 255 అక్షరాల కాలమ్‌కు ఇండెక్సు కుదరక 191 అక్షరాలకు తగ్గించుకోవలసి వచ్చేది. దీనికంటే సూక్ష్మమైన చిక్కు పోలిక నియమాలలో ఉంది. పేరు చివర జనరల్_సీఐ అని ఉండే పాత కొలేషన్ (అక్షరాలను పోల్చి వరస పెట్టే నియమావళి) 4 బైట్ల అక్షరాలన్నిటికీ ఒకే తూకం ఇస్తుంది. అంటే రెండు వేర్వేరు అరుదైన అక్షరాలున్న ఇద్దరు మనుషుల పేర్లు దాని దృష్టిలో ఒకటే. విశిష్ట కీ (ఒకే విలువను రెండుసార్లు రానివ్వని నియమం) పెట్టిన కాలమ్‌లో రెండో మనిషి నమోదే కాడు. 8.0లోని 0900 శ్రేణి కొలేషన్లలో ఈ లోపం లేదు.

ఎస్క్యూఎల్ సర్వర్‌లో ఎన్‌వార్‌చార్ అనే రకం కాలమ్‌లు యూటీఎఫ్-16లో దాస్తాయి, నిశ్చింతగా వాడవచ్చు. అయితే ఆదేశంలో పాఠానికి ముందు ఎన్ అక్షరం పెట్టడం మరచిపోతే, ఇంగ్లీషు అమరికలో ఉన్న సర్వర్ చైనీస్ అక్షరాలను ప్రశ్నార్థక గుర్తులుగా మార్చి దాచేస్తుంది. అలా పోయిన పేరును తిరిగి రాబట్టడం సాధ్యం కాదు. 2019 కూర్పు నుంచి యూటీఎఫ్-8 కొలేషన్లు కూడా ఉన్నాయి గానీ, ప్రధానంగా చైనీస్ పాఠమే ఉండే పట్టికలకు 2 బైట్ల ఎన్‌వార్‌చార్‌ వల్లే స్థలం కలిసివస్తుంది కనుక మార్చుకోవలసిన తొందర లేదు.

ఐబీఎం మిడ్‌రేంజి యంత్రాలు, అంటే ఇప్పటికీ చాలామంది ఏఎస్/400 అనే పిలిచేవి, వేరే లోకం. అక్కడ ఎబ్సిడిక్ (ఐబీఎం సొంత ఎన్‌కోడింగ్) పాఠం మధ్యలో చైనీస్ మొదలయ్యే ముందు ఒక షిఫ్ట్-అవుట్ బైటు, ముగిశాక ఒక షిఫ్ట్-ఇన్ బైటు ఉంటాయి. 30 బైట్ల ఫీల్డులో 14 చైనీస్ అక్షరాలు పడతాయి. మధ్యలో ఇంగ్లీషు మాట వచ్చి మళ్లీ చైనీస్ మొదలైతే మరో రెండు బైట్లు ఖర్చవుతాయి. సరళీకృత లిపికి 935, దాని విస్తృత రూపానికి 1388, సంప్రదాయ లిపికి 937 అనే సీసీఎస్ఐడీ (ఎన్‌కోడింగ్‌ను గుర్తించే) సంఖ్యలను వాడతారు. ఫీల్డును కోసే ప్రోగ్రాము చివరి షిఫ్ట్-ఇన్‌ను పోగొడితే పక్క ఫీల్డులోని అంకెలు కూడా చైనీస్ అక్షరాలుగా చదవబడతాయి. నేను చూసిన ఒక డేటా వలసలో సరఫరాదారు పేరు పక్కనున్న సొమ్ము అంకె సరిగా రాకపోవడానికి కారణం ఇదేనని తేలడానికి రెండు రోజులు పట్టింది. ఆ యంత్రం మరో పదేళ్లు నడుస్తుందనుకుంటే, పేర్ల కాలమ్‌లను మాత్రమే 1200 సంఖ్య గల యూటీఎఫ్-16 ఫీల్డులుగా మార్చడం మొత్తం వ్యవస్థను తిరగరాయడం కంటే చవకైన, నమ్మదగిన మధ్యేమార్గం.

చైనా ప్రధాన భూభాగంలోనే పనిచేస్తూ, ఒకే భాషలో, ఏ మార్పూ లేకుండా నడుస్తున్న జీబీకే వ్యవస్థ మీ చేతిలో ఉంటే దాన్ని ఈ ఏడాదే మార్చమని నేను అనను. సర్వర్ మార్పిడి జరిగే రోజు వరకు ఆగవచ్చు. ఆగకూడనిది ఒక్కటే సందర్భం: పేర్లు పట్టక సిబ్బంది దగ్గరి పోలికగల మరో అక్షరాన్నో, నక్షత్రపు గుర్తునో పెట్టి సర్దుకుంటున్నారని తెలిస్తే, ఆలస్యమైన ప్రతి నెలా తప్పుడు రికార్డులు పెరుగుతాయి.

యూనికోడ్‌కు మారాక అందరినీ ఆశ్చర్యపరిచేది అక్షరక్రమం. జీబీ 2312 మొదటి అంచె ఉచ్చారణ వరసలో ఉందని పైన చెప్పాను. అందువల్ల పాత వ్యవస్థలో ఏ ప్రత్యేక ఏర్పాటూ లేకుండానే ఖాతాదారుల జాబితా పిన్‌యిన్ (ఉచ్చారణను రోమన్ లిపిలో రాసే పద్ధతి) వరసలో వచ్చేది. యూనికోడ్ సంఖ్యల వరస ధాతువులను, గీతల సంఖ్యను అనుసరిస్తుంది కాబట్టి మార్చిన మరుసటి రోజు నివేదికలన్నీ తారుమారైనట్టు కనిపిస్తాయి. ప్రధాన భూభాగానికి పిన్‌యిన్ కొలేషన్‌ను, తైవాన్‌కు గీతల సంఖ్య కొలేషన్‌ను ముందే నిర్ణయించి పెట్టాలి.

ఇచ్చిపుచ్చుకునే చోట

నేను చూసినంతలో డేటా చెడేది ఎక్కువగా డేటాబేస్‌లో కాదు, ఫైలు చేతులు మారే చోట. యూటీఎఫ్-8లో ఉన్న సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలుకు ముందు 239, 187, 191 అనే మూడు బైట్ల బామ్ గుర్తు (ఎన్‌కోడింగ్‌ను తెలిపే ఆరంభ చిహ్నం) లేకపోతే, చైనా అమరికలో ఉన్న ఎక్సెల్ దాన్ని డబుల్ క్లిక్‌తో తెరిచినప్పుడు జీబీకేగా చదువుతుంది. మనుషులు ఎక్సెల్‌లో తెరిచే ఫైళ్లకు బామ్ పెట్టాలి. యంత్రాలు చదివే ఫైళ్లకు పెట్టకూడదు. వ్యవస్థల మధ్య జేసన్ అనే డేటా రూపాన్ని వాడుతుంటే ప్రమాణం ప్రకారం అది యూటీఎఫ్-8 అయి తీరాలి, కాబట్టి అక్కడ బేరసారాలకు చోటు లేదు.

ఎన్‌కోడింగ్‌ను ఊహించే ప్రోగ్రాములను నమ్మవద్దు. విండోస్ నోట్‌ప్యాడ్ పాత కూర్పుల్లో లియన్‌తోంగ్ అనే రెండక్షరాల మాట ఒక్కటే టైపు చేసి దాచి, మళ్లీ తెరిస్తే గజిబిజిగా కనిపించేది. ఆ రెండక్షరాల జీబీకే బైట్లు యాదృచ్ఛికంగా యూటీఎఫ్-8 ఆకృతిలో ఉండటమే దానికి కారణం. పొట్టి పాఠాల విషయంలో ఊహ ఎప్పుడైనా తప్పవచ్చు. ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉంటుందో ఒప్పందంలో రాసుకోవాలి, తప్పు బైటు ఎదురైతే ఫైలు మొత్తాన్ని తిరస్కరించాలి. తప్పు బైటు స్థానంలో ప్రత్యామ్నాయ గుర్తు పెట్టి ముందుకు సాగే ప్రోగ్రాములు చేసే హాని చైనాలో అందరికీ తెలుసు: అటువంటి రెండు గుర్తుల యూటీఎఫ్-8 బైట్లను జీబీకేగా చదివితే కున్-జిన్-కావో అనే మూడక్షరాల అర్థంలేని మాట వస్తుంది. మీ డేటాలో ఆ మూడక్షరాలు కనిపించాయంటే అసలు పేరు అంతకు ముందే పోయిందని అర్థం. మామూలు గజిబిజిని సరైన ఎన్‌కోడింగ్‌లో మళ్లీ చదివి బాగుచేయవచ్చు, దీన్ని బాగుచేయలేము.

జావా ప్రోగ్రాములున్నవారికి ఒక హెచ్చరిక. 2022లో వచ్చిన జావా 18 నుంచి సహజ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. అంతకు ముందు చైనా విండోస్ మీద అది జీబీకే. ఎన్‌కోడింగ్ పేరు రాయకుండా ఫైళ్లు తెరిచిన పాత కోడ్, జావాను నవీకరించిన రోజున మారిపోతుంది.

సరళీకృత, సంప్రదాయ లిపుల ప్రశ్న

దీన్ని చాలామంది ఎన్‌కోడింగ్ ప్రశ్నగా పొరబడతారు. ఒకే యూనికోడ్ కాలమ్‌లో రెండు లిపులూ ఉండగలవు. ఒకదాని నుంచి మరొకదానికి మార్చడం భాషకు సంబంధించిన పని. సరళీకృత లిపిలోని ఫా అనే ఒక అక్షరం సంప్రదాయ లిపిలో పంపడం అనే అర్థంలో ఒకటిగా, తలవెంట్రుకలు అనే అర్థంలో మరొకటిగా విడిపోతుంది. ఫాన్ అనే ఇంటిపేరు సంప్రదాయ లిపిలో కూడా మారకూడదు గానీ, యాంత్రికంగా మార్చే ప్రోగ్రాము నమూనా అనే అర్థమున్న మరో ఫాన్‌ను తెచ్చి పెట్టగలదు. ఉత్పత్తుల వర్ణనలను ఉపకరణంతో మార్చి మనిషి చేత సరిచూయించవచ్చు. మనుషుల పేర్లను, సంస్థల చట్టబద్ధమైన పేర్లను ఎన్నటికీ మార్చకూడదు. వారు ఇచ్చిన లిపిలోనే ఉంచి, మరో లిపి రూపం అవసరమైతే వారినే అడిగి రెండో కాలమ్‌లో దాచాలి.

ఒకే కోడ్ ఉన్నా కొన్ని అక్షరాల ముద్రణ రూపం చైనా, తైవాన్, జపాన్‌లలో కొద్దిగా వేరుగా ఉంటుంది. అందుకని రికార్డుతోపాటు భాష గుర్తును కూడా దాచి, ఇన్‌వాయిస్ ముద్రించేటప్పుడు తగిన ఫాంటును ఎంచుకోవాలి, పీడీఎఫ్‌లో ఆ ఫాంటును పొదగాలి. లేబుల్ ప్రింటర్లు, రసీదు ప్రింటర్లు కొనేటప్పుడు వాటిలో అంతర్గతంగా ఉన్న చైనీస్ ఫాంటు ఎంత విస్తృతమైనదో అడగాలి. డేటాబేస్ దాచగల అక్షరాన్ని ప్రింటర్ ఖాళీ గడిగా ముద్రించడం అరుదు కాదు.

ఏది ఎంచుకున్నా, ఒప్పుకునే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఝూ రోంగ్‌జీ పేరు, యూ షీ-కున్ పేరు, షూ ఇంటిపేరుతో మొదలయ్యే ఒక పేరు, 4 బైట్ల అక్షరమున్న ఒక పేరు, హాంకాంగ్ అనుబంధ సమితిలోని ఒక చిరునామా, ఇంగ్లీషూ చైనీసూ మూడుసార్లు మారే ఒక సంస్థ పేరు తీసుకుని, వాటిని తెరమీద టైపు చేయడం నుంచి డేటాబేస్, నివేదిక, సీఎస్‌వీ, బ్యాంకు ఫైలు, ప్రింటరు వరకు నడిపించాలి. చివరన వచ్చిన బైట్లను మొదట ఇచ్చిన వాటితో ప్రోగ్రాము చేత పోల్పించాలి. చైనీస్ చదవలేనివారు చూపు మీద ఆధారపడితే చాలదు. పాత డేటా మారుస్తున్నట్లయితే యూనికోడ్‌లోకి మార్చినదాన్ని తిరిగి పాత ఎన్‌కోడింగ్‌లోకి మార్చి ప్రతి వరసా అసలుతో సరిపోతోందో లేదో చూడాలి. సరిపోని వరసల జాబితాను చైనీస్ తెలిసిన సహోద్యోగికి అప్పగించాలి, వారు ఒక్కొక్కటిగా తేల్చేవరకు పాత ఫైళ్లను చెరపకుండా అట్టే ఉంచాలి.